వియత్నాంలో ఆగిపోయిన హెరాయిన్, ఇంటిదాకా వచ్చిన సీసా

సైన్యంలో చేరేవాళ్లలో ఎక్కువమంది పద్దెనిమిదికీ ఇరవై రెండుకీ మధ్య వయసులో ఉంటారు. మద్యమైనా మాదకద్రవ్యమైనా తేలిగ్గా అలవాటయ్యే వయసు కూడా అదే. రేపు జరగబోయే నష్టాన్ని ఇవాళే లెక్కగట్టి, దూకుడుకు కళ్లెం వేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ల దాకా పడుతుంది. సుఖాన్ని గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ కోరే లోపలి భాగాలు మాత్రం అంతకు చాలా ముందే సిద్ధమై ఉంటాయి. ఆ వయసు కుర్రాణ్ణి ఇంటికి దూరంగా, కంటినిండా నిద్ర లేని చోట, తోటివాళ్లు ఏంచేస్తే అదే చేయాల్సిన బారక్‌లో ఉంచి, చేతికి అందేలా మత్తు పెడితే చాలామంది దాన్ని ముట్టుకుంటారు. ఇందులో వింత లేదు. అలా ముట్టుకుని బానిసలైనవాళ్లు మళ్లీ ఎలా మామూలు మనుషులవుతారు, ఎవరు అవుతారు, ఎవరు కాలేకపోతారు అన్నదే శాస్త్రానికి అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు దొరికిన జవాబుల్లో చాలా భాగం ఒకే యుద్ధం నుంచి, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఒకే నెలలో ఆ యుద్ధం నుంచి ఇంటిదారి పట్టిన కుర్రాళ్ల నుంచి వచ్చింది. ఆ యుద్ధం వియత్నాం. ఆ నెల 1971 సెప్టెంబరు.

సిగరెట్లో నింపిన పొడి

వియత్నాంలో అమెరికన్ సైనికులకు మొదట్లో అందుబాటులో ఉన్న మత్తులు బీరు, గంజాయి. గంజాయి వాసన దాచినా దాగదు. 1960ల చివర్లో అధికారులు దానిమీద సోదాలు, అరెస్టులు ముమ్మరం చేశారు. 1970 నాటికి బర్మా, లావోస్, థాయ్‌లాండ్ సరిహద్దులు కలిసే ప్రాంతం నుంచి శుద్ధిచేసిన హెరాయిన్ దక్షిణ వియత్నాంలోకి దిగింది. చిన్న ప్లాస్టిక్ సీసాల్లో తెల్లటి పొడి. కొద్ది డాలర్లు పెడితే రోడ్డు పక్కనే దొరికేది. అందులో 90 శాతానికి పైగా అసలు సరుకే. అదే కాలంలో అమెరికా వీధుల్లో అమ్మే పొట్లాల్లో హెరాయిన్ పదో వంతు కూడా ఉండేది కాదు, మిగిలిందంతా కల్తీ. ఆ పలచటి సరుకుతో మత్తు ఎక్కాలంటే సూదితో నరంలోకి ఎక్కించుకోక తప్పదు. వియత్నాంలో సూది అవసరమే రాలేదు. సిగరెట్ చివర కాస్త పొగాకు రాల్చి, ఆ ఖాళీలో పొడి నింపి కాలిస్తే సరిపోయేది. పక్కనే అధికారి నిలబడి ఉన్నా పసిగట్టడం కష్టం. సూదంటే జంకే కుర్రాళ్లకు కూడా సిగరెట్ అంటే జంకు ఉండదు.

1971 వేసవికి ముందు రాబర్ట్ స్టీల్, మోర్గన్ మర్ఫీ అనే ఇద్దరు అమెరికన్ కాంగ్రెస్ సభ్యులు వియత్నాం వెళ్లివచ్చి, అక్కడి సైనికుల్లో 10 నుంచి 15 శాతం మంది హెరాయిన్‌కు బానిసలయ్యారని ప్రకటించారు. వార్త దేశాన్ని కుదిపేసింది. యుద్ధం సన్నగిల్లుతున్న రోజులవి, నెలకు వేలమంది ఇళ్లకు తిరిగి వస్తున్నారు. ఆయుధం పట్టడం నేర్చి, హెరాయిన్‌కు అలవాటుపడిన వేలాదిమంది యువకులు ఊళ్లలోకి దిగితే పరిస్థితి ఏమిటన్న భయం పట్టుకుంది. జూన్ 17న అధ్యక్షుడు నిక్సన్ మాదకద్రవ్యాల వాడకాన్ని దేశానికి మొదటి శత్రువుగా ప్రకటించి, దాన్ని ఎదుర్కోవడానికి ప్రత్యేక కార్యాలయాన్ని ఏర్పాటుచేశాడు. దాని బాధ్యత జెరోమ్ జాఫీ అనే మనోవైద్యుడికి అప్పగించాడు. జాఫీ అంతకుముందు చికాగోలో వ్యసనపరులకు చికిత్స చేసినవాడు.

జాఫీ పెట్టిన ఏర్పాటు చాలా సరళమైనది. వియత్నాం వదిలి వెళ్లే ప్రతి సైనికుడూ విమానం ఎక్కేముందు మూత్ర పరీక్షకు నిలబడాలి. హెరాయిన్ ఆనవాలు కనిపిస్తే ఇంటికి ప్రయాణం ఆగిపోతుంది. అక్కడే వారం రోజులపాటు శరీరంలోని మత్తు విరిగేదాకా ఉంచి, మళ్లీ పరీక్షించి, ఆనవాలు లేకపోతేనే పంపుతారు. దీనికి 'ఆపరేషన్ గోల్డెన్ ఫ్లో' అన్న పేరు స్థిరపడింది. పరీక్షలో పట్టుబడినవాణ్ణి కోర్టు మార్షల్ చేయకూడదన్న షరతు కూడా జాఫీ పట్టుబట్టి పెట్టించాడు. అంతదాకా సైన్యం దృష్టిలో మత్తు నేరం. ఆ షరతుతో అది మొదటిసారి పెద్దఎత్తున వైద్యుల చేతిలోకి వచ్చింది.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. ఆ పరిమితే తర్వాతి అధ్యయనానికి అక్కరకొచ్చింది. హెరాయిన్ శరీరంలో చేరగానే మార్ఫిన్‌గా మారుతుంది, ఆ మార్ఫిన్ మూత్రంలో రెండు నుంచి నాలుగు రోజులే కనిపిస్తుంది. పరీక్ష ఉంటుందని అందరికీ తెలుసు. నాలుగైదు రోజులు మానేస్తే చాలు, గట్టెక్కవచ్చు. ఇంటికి వెళ్లే విమానం ఎదురుగా కనిపిస్తున్నా ఆ నాలుగు రోజులు మానలేకపోయినవాడంటే మత్తు అతణ్ణి గట్టిగానే పట్టుకుందని అర్థం.

లీ రాబిన్స్ లెక్కలు

ఇంటికి చేరినవాళ్లు ఏమయ్యారో తెలుసుకునే పనిని జాఫీ కార్యాలయం సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన లీ రాబిన్స్‌కు అప్పగించింది. ఆమె సామాజిక శాస్త్రవేత్త, మనోవ్యాధులు సమాజంలో ఎలా వ్యాపిస్తాయో లెక్కగట్టడంలో దిట్ట. 1971 సెప్టెంబరులో వియత్నాం నుంచి తిరిగివచ్చిన సైనికుల్లో అధికారులు కానివాళ్లు దాదాపు 13 వేల 700 మంది. వారిలో సుమారు 1,400 మంది మూత్ర పరీక్షలో పట్టుబడ్డారు. ఈ జాబితాల నుంచి యాదృచ్ఛికంగా పేర్లు ఎంచుకుని, 1972లో దేశమంతా వెతికి, దాదాపు 900 మందిని ఇంటర్వ్యూ చేశారు. మాటతో ఆగకుండా అప్పటికప్పుడు మూత్ర నమూనాలూ తీసుకున్నారు. ఎంచుకున్నవాళ్లలో చాలా కొద్దిమంది తప్ప అందరూ దొరికారు, మాట్లాడారు. ఊళ్లు మారిపోయి, ఉద్యోగాలు వెతుక్కుంటున్న ఇరవై ఏళ్ల కుర్రాళ్లను ఇంత పట్టుదలగా వెతికి పట్టుకున్న అధ్యయనాలు అరుదు. దీని విలువలో సగం ఈ ఓపికలోనే ఉంది.

ఫలితాలు రెండు రకాలుగా ఉలిక్కిపడేలా చేశాయి. మొదటిది, సమస్య కాంగ్రెస్ సభ్యులు చెప్పినదానికంటే పెద్దది. వియత్నాంలో ఉన్నవాళ్లలో సగానికి కాస్త తక్కువగా ఏదో ఒక నల్లమందు జాతి మత్తును రుచి చూశారు. మూడో వంతు మంది హెరాయిన్ వాడారు. ప్రతి అయిదుగురిలో ఒకరు తాము బానిసలమయ్యామని, మానితే ఒళ్లు నొప్పులు, వాంతులు, చలి, నిద్రలేమి వచ్చేవని చెప్పారు.

రెండోది దానికంటే వింత. అలా బానిసలైనవాళ్లలో, ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు సుమారు 5 శాతం. మూడేళ్ల తర్వాత మరోసారి చూసినా, ఆ కాలంలో ఎప్పుడైనా కొంతకాలం పాటు తిరిగి బానిసైనవాళ్లు 12 శాతమే. వియత్నాంలో బానిసలైనవాళ్లలో సగం మంది ఇంటికొచ్చాక ఎప్పుడో ఒకసారి మత్తును మళ్లీ ముట్టుకున్నారు కూడా. అయినా ఎక్కువమంది పాత ఊబిలో కూరుకుపోలేదు. పైగా ఇలా బయటపడ్డవాళ్లలో అత్యధికులు ఏ పునరావాస కేంద్రం గడపా తొక్కలేదు. అదే కాలంలో అమెరికాలో వ్యసనపరులకు పేరుపడ్డ ఆసుపత్రి కెంటకీ రాష్ట్రంలోని లెగ్జింగ్టన్‌లో ఉండేది. అక్కడ నెలల తరబడి చికిత్స పొంది బయటికి వచ్చినవాళ్లలో చాలామంది కొద్ది నెలల్లోనే మళ్లీ సూది పట్టేవారు. హెరాయిన్ ఒకసారి పడితే వదలదన్న నమ్మకం ఆ అనుభవం నుంచే పుట్టింది. రాబిన్స్ లెక్కలు ఆ నమ్మకాన్ని తలకిందులు చేశాయి. సహజంగానే చాలామంది నమ్మలేదు. రెండు దశాబ్దాల తర్వాత, 1993లో, ఇది గాలివాటున వచ్చిన ఫలితమా లేక మామూలుగా ఆశించదగ్గదేనా అన్న ప్రశ్నతోనే ఆమె మరో వ్యాసం రాయాల్సి వచ్చింది.

యుద్ధపు భయమే కుర్రాళ్లను మత్తులోకి నెట్టిందన్న మాట అప్పుడూ ఇప్పుడూ వినిపిస్తుంది. రాబిన్స్ దాన్ని కూడా పరీక్షించారు. సైన్యంలో చేరకముందు ఎవరి చరిత్ర ఏమిటో లెక్కలోకి తీసుకుంటే, ముందువరసలో పోరాడినవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువగా హెరాయిన్ వాడారని తేలలేదు. చాలామందికి దేశంలో దిగిన కొత్తలోనే, ఒక్క తూటా పేలడం చూడకముందే ఎవరో ఒకరు హెరాయిన్ ఇవ్వజూపారు. ఎందుకు వాడారంటే వాళ్లు చెప్పిన కారణాలు సాదాసీదాగా ఉన్నాయి. పొద్దుపోయేది, హాయిగా ఉండేది, సైన్యంలో బతుకును భరించగలిగేవాళ్లు. విసుగు భయంకంటే పెద్ద మత్తుబేహారి అని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇప్పటికీ సైనిక శిబిరాల్లో ఈ విషయాన్ని తక్కువగానే పట్టించుకుంటారు.

చోటు మారితే ఏం మారుతుంది

ఇంటికి రాగానే ఇంతమంది ఎలా మానగలిగారు? హెరాయిన్ ధర పెరగడం, సరుకు పలచబడటం, పట్టుబడితే జైలు, సూది అంటే ఏవగింపు, పక్కన తాగే మిత్రులు లేకపోవడం, ఇంట్లో అమ్మానాన్నలు, భార్య, ఉద్యోగం. ఇవన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. వాడకం కూడా ఏడాదికి మించలేదు, ఎందుకంటే అక్కడి కొలువే పన్నెండు నెలలు. వీటితోపాటు మెదడులో జరిగే ఒక వ్యవహారం ఉంది, దాని గురించి కాస్త విడమరిచి చెప్పుకోవాలి.

మత్తు అలవాటైన శరీరం మత్తు రాకను ముందే పసిగట్టడం నేర్చుకుంటుంది. రోజూ అదే గదిలో, అదే మిత్రుడి పక్కన, అదే అగ్గిపుల్ల చప్పుడు తర్వాత హెరాయిన్ వస్తుంటే, ఆ గది, ఆ మిత్రుడు, ఆ చప్పుడు చాలు. హెరాయిన్ చేసే పనికి ఎదురుపని శరీరం ముందుగానే మొదలుపెడుతుంది. మత్తు ఊపిరిని మందగింపజేస్తుంది కనుక శరీరం ఊపిరిని ముందే పెంచుతుంది. మత్తు వస్తే రెండూ సరితూగుతాయి. రాకపోతే ఆ ఎదురుపని ఒక్కటే మిగిలి, తహతహగా, వణుకుగా, నొప్పిగా తెలుస్తుంది. ఏళ్ల క్రితం మానేసినవాడికి పాత సందు మలుపు చూడగానే ఒళ్లు జలదరించడానికి మూలం ఇదే.

దీన్ని కెనడా శాస్త్రవేత్త షెపర్డ్ సీగెల్, ఆయన సహచరులు 1982లో ఎలుకల మీద చూపించారు. కొన్ని ఎలుకలకు రోజు విడిచి రోజు మోతాదు పెంచుతూ ఒక నిర్ణీత గదిలో హెరాయిన్ ఇచ్చారు. చివర ఒకరోజు అన్నింటికీ పెద్ద మోతాదు ఇచ్చారు. అంతకుముందు హెరాయిన్ ఎరగని ఎలుకల్లో 96 శాతం చనిపోయాయి. అలవాటైన ఎలుకల్లో, ఎప్పుడూ ఇచ్చే గదిలోనే తీసుకున్నవి 32 శాతం చనిపోతే, వేరే గదిలో తీసుకున్నవి 64 శాతం చనిపోయాయి. మోతాదు అదే, మారింది గది ఒక్కటే. తెలిసిన చోట శరీరం సిద్ధపడింది, కొత్త చోట సిద్ధపడలేదు.

వియత్నాం నుంచి వచ్చిన కుర్రాడి విషయంలో ఇదే సూత్రం మేలు చేసింది. అతని తహతహను రేపే గది, దారి, మనుషులు, వాసనలు అన్నీ పసిఫిక్ మహాసముద్రానికి అవతల ఉండిపోయాయి. లెగ్జింగ్టన్‌లో చికిత్స పొందినవాడు మాత్రం బస్సెక్కి తిన్నగా తన పాత వీధికే వెళ్లేవాడు.

చోటు మార్చడమే మందు అని తీర్మానించుకుంటే పొరపాటు. ఇంటికొచ్చాక కూడా వదలలేనివాళ్లలో సైన్యంలో చేరకముందే మత్తు వాడినవాళ్లు, చిన్నతనం నుంచే గొడవల్లో పెరిగినవాళ్లు ఎక్కువ. అంటే వాళ్లకు తహతహ పుట్టించే చోటు వియత్నాం కాదు, ఇల్లే. చికిత్సకు వచ్చేది కూడా ఇలాంటివాళ్లే. వైద్యుడు తన దగ్గరికి వచ్చినవాళ్లనే చూస్తాడు, తేలిగ్గా మానేసినవాడు ఆయన కంటపడడు. అందువల్ల వ్యసనం అసలుకంటే మొండిదని వైద్యుడు అనుకుంటాడు. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పొరపాటు రాబిన్స్ లెక్కలు చదివి, వ్యసనపరులందరూ తలచుకుంటే మానగలరనుకోవడం. మానలేనివాణ్ణి తిట్టడానికి ఆ లెక్కలను వాడటం ఆమె శ్రమకు అన్యాయం చేయడమే.

మద్యం మాత్రం వెనక ఉండిపోలేదు

ఈ కథలో ఎక్కువమంది చెప్పకుండా వదిలేసే భాగం ఒకటుంది. రాబిన్స్ బృందం మద్యం గురించి కూడా అడిగింది. వియత్నాంలో హెరాయిన్ రాగానే తాగుడు తగ్గింది. ఇంటికొచ్చి హెరాయిన్ మానగానే తాగుడు మళ్లీ పెరిగింది. సముద్రం దాటి రాలేకపోయిన మత్తు స్థానంలో, ప్రతి వీధి మలుపులో లైసెన్సుతో అమ్మే మత్తు వచ్చి కూర్చుంది. చట్టం దాన్ని అడ్డుకోదు, తోటివాళ్లు తప్పుపట్టరు, తాగని సైనికుడే వింతగా కనిపిస్తాడు. హెరాయిన్‌ను దూరం చేసిన ఏ అడ్డుగోడా మద్యానికి లేదు.

తర్వాతి దశాబ్దాల్లో అమెరికా సైన్యం ఈ తేడాను తెలియకుండానే మళ్లీ రుజువు చేసింది. 1981 మే 26 రాత్రి నిమిట్జ్ అనే విమానవాహక నౌక మీద దిగబోయిన విమానం కూలి 14 మంది చనిపోయారు. చనిపోయిన డెక్ సిబ్బందిలో కొందరి శరీరాల్లో గంజాయి ఆనవాళ్లు దొరికాయి. ప్రమాదానికి గంజాయే కారణమని దాంతో రుజువు కాలేదు గానీ, నౌకాదళం దాన్ని సహించదలచుకోలేదు. ఆ ఏడాది చివరి నుంచి ఎవరికి ఎప్పుడు వస్తుందో తెలియని మూత్ర పరీక్షలు, పట్టుబడితే ఉపేక్షించేది లేదన్న విధానం అమల్లోకి వచ్చాయి. ఫలితం స్పష్టంగా కనిపించింది. 1980 సర్వేలో గడిచిన 30 రోజుల్లో నిషిద్ధ మత్తు వాడామన్న సైనిక సిబ్బంది 27.6 శాతం. 2002లో 3.4 శాతం. అదే సర్వేల్లో విపరీతంగా తాగేవాళ్లు, అంటే వారానికి ఒక్కసారైనా ఒకే విడతలో అయిదు పెగ్గులో అంతకుమించో తాగేవాళ్లు, 1980లో 20.8 శాతం, 2002లో 18.1 శాతం. ఇరవై రెండేళ్లలో గంజాయి, హెరాయిన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, సీసా మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాలతో మరో దారి తెరుచుకుంది. గాయాలకు, వెన్నునొప్పికి సైనిక వైద్యులే రాసే నొప్పి మాత్రల దారి అది. 2001లో రాసినవాటితో పోలిస్తే 2009 నాటికి అలాంటి చీటీలు నాలుగింతలై 38 లక్షలకు చేరాయి. 2008 సర్వేలో 11 శాతం మంది వైద్యుడు చెప్పినదానికి భిన్నంగా మందులు వాడామన్నారు. 2002లో అది 2 శాతమే. మత్తు దొరికే దారి మారింది, మత్తు మందుల దుకాణం ఆసుపత్రే అయింది. మూత్ర పరీక్షకు ఈ దారిని మూసే శక్తి లేదు, మాత్ర చట్టబద్ధంగానే చేతికి వచ్చింది కనుక.

చికిత్స గదిలో మొదటి వారం

పునరావాసానికి వచ్చిన యువ సైనికుడితో వైద్యులు మొదట చేసేది శరీరాన్ని మత్తు నుంచి సురక్షితంగా దించడం. ఈ పనిలో హెరాయిన్ కంటే మద్యమే ప్రమాదకరమంటే చాలామంది నమ్మరు. హెరాయిన్ మానితే వచ్చే బాధ చివరి మోతాదు తర్వాత పది పన్నెండు గంటలకు మొదలై, రెండు మూడు రోజుల్లో ఉధృతమై, వారం పదిరోజుల్లో తగ్గుతుంది. నరకంలా ఉంటుంది గానీ ఆరోగ్యవంతుడైన యువకుడికి దానివల్ల ప్రాణం పోవడం అరుదు. మద్యం అలా కాదు. మద్యం మెదడును అణచి ఉంచుతుంది. ఏళ్ల తరబడి అణచివేతకు గురైన మెదడు తట్టుకోవడానికి తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. తాడు లాగే పోటీలో ఒక పక్షం హఠాత్తుగా తాడు వదిలేస్తే రెండో పక్షం వెల్లకిలా పడ్డట్టు, తాగుడు ఒక్కసారిగా ఆపేస్తే ఆ ఉద్రేకం అదుపు తప్పుతుంది. కొన్ని గంటల్లో చేతుల వణుకు, చెమటలు. రెండు రోజుల్లోపు కొందరికి మూర్ఛ. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొద్దిమందికి లేనివి కనిపించడం, వినిపించడం, ఎక్కడున్నదీ తెలియకపోవడం, జ్వరం, గుండెదడ. చికిత్స లేకపోతే ఈ దశ ప్రాణం తీయగలదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి రోగులు వరుసకట్టారు.

అందుకే రోజూ బాగా తాగేవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి మాన్పించడం సాహసం కాదు, అపాయం. ఆసుపత్రిలో మెదడు ఉద్రేకాన్ని తగ్గించే మందులను మొదట ఎక్కువగా, తర్వాత రోజురోజుకూ తగ్గిస్తూ ఇస్తారు. బీ1 విటమిన్ తప్పకుండా ఇస్తారు. తాగుడుతో తిండి మానేసినవాడి శరీరంలో ఆ విటమిన్ అడుగంటి ఉంటుంది, ఆ స్థితిలో బీ1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. నీరసంగా ఉన్నాడని ఊళ్లో తెలిసినవాళ్లతో ఒక గ్లూకోజు సీసా పెట్టించే అలవాటున్న చోట ఈ సంగతి అందరికీ తెలియాలి.

వారం పదిరోజులకు శరీరం కుదుటపడుతుంది. కుటుంబాలు ఇక్కడే మోసపోతాయి, మనిషి తేరుకున్నాడు కదా అని ఇంటికి తీసుకెళ్లిపోతాయి. నిజానికి అప్పటిదాకా జరిగింది ఇల్లు ఖాళీ చేయించడం మాత్రమే, మరమ్మతు ఇంకా మొదలే కాలేదు. ఆ దశలో మరో ప్రమాదం కూడా పొంచి ఉంటుంది. మానిన శరీరం మత్తును తట్టుకునే పాత శక్తిని కోల్పోతుంది. నెల తర్వాత పాత మోతాదే హెరాయిన్ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. పునరావాసం నుంచి బయటికొచ్చిన మొదటి వారాలు హెరాయిన్ వ్యసనపరుడికి అందుకే గండం.

నిలబెట్టే మందులు ఉన్నాయి. తాగుడులోని హాయిని తగ్గించే నాల్‌ట్రెక్సోన్, తహతహను తగ్గించే అకాంప్రొసేట్, తాగితే ఒళ్లు ఎర్రబడి గుండె దడదడలాడి వాంతులయ్యేలా చేసే డైసల్ఫిరామ్. ఈ చివరిదాన్ని రోగికి తెలియకుండా అన్నంలోనో కూరలోనో కలిపి పెట్టడం మన ఇళ్లలో జరుగుతున్న పని. ఆ మందు మీద ఉన్నట్టు తెలియనివాడు బాగా తాగితే రక్తపోటు పడిపోయి చనిపోవచ్చు. హెరాయిన్‌కు మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ వంటివి ఉన్నాయి. ఇవి మత్తు ఎక్కించకుండా తహతహను మాత్రం తీరుస్తాయి. న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ 1965లో మెథడోన్‌తో ఈ దారి చూపించారు. సైన్యాలు మాత్రం ఇలాంటి మందు మీద ఉన్నవాడికి తుపాకీ ఇవ్వడానికి చాలాకాలం ఒప్పుకోలేదు. దానివల్ల యువ సైనికుడికి మందా, ఉద్యోగమా అన్న సంకటం ఎదురైంది.

పీడకలలు, ఉలికిపాటు, తోటివాడి మరణం కళ్లముందు కదలడం వంటివి ఉన్న సైనికుడికి తాగుడు నిద్రమాత్రలా పనిచేస్తుంది. మొదటి రెండు గంటలు నిద్ర పట్టిస్తుంది, తెల్లవారుజామున లేపి పీడకలను రెట్టింపు చేస్తుంది. ముందు తాగుడు మాను, తర్వాత ఆ బాధ సంగతి చూద్దాం అని చాలా ఏళ్లపాటు చెప్పారు. బాధ తగ్గకుండా తాగుడు ఎలా మానాలో రోగికి అర్థమయ్యేది కాదు. ఇప్పుడు రెండింటికీ ఒకేసారి చికిత్స చేయడం మేలని తేలింది.

మందులు లేకుండా చేసే చికిత్సల్లో ఒకటి వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 2011 నుంచి దాన్ని విస్తృతంగా అమలు చేశారు. వారానికి రెండుసార్లు పరీక్ష. మత్తు లేదని తేలితే ఒక గిన్నెలోంచి చీటీ తీసుకోవచ్చు. చీటీలో కొన్నిసార్లు మెచ్చుకోలు మాట, కొన్నిసార్లు ఆసుపత్రి కాంటీన్ కూపన్. మానిన రోజులు పెరిగేకొద్దీ చీటీల సంఖ్య పెరుగుతుంది. చిన్న బహుమతే, కానీ వెంటనే వస్తుంది. రేపటి లాభాన్ని తూచలేని యువ మెదడుకు ఇవాళే చేతికందే లాభం అర్థమవుతుంది. ఉత్తేజక మందులకు అలవాటుపడ్డవాళ్లలో ఇంతగా పనిచేసిన చికిత్స మరొకటి లేదు.

యూనిఫాం తీశాక

భారత సైన్యంలో తాగుడు వ్యసనం బయటపడిన జవానును సైనిక ఆసుపత్రిలో చేర్చి, చికిత్స తర్వాత తక్కువ వైద్య కేటగిరీలో ఉంచి, కొన్ని నెలలకోసారి తిరిగి పరీక్షిస్తారు. ప్రతి పరీక్షకూ అతని కమాండింగ్ అధికారి నివేదిక కావాలి. ఈ పద్ధతిలో ఒక మంచి ఉంది, చికిత్స పూర్తయినా మనిషిని ఏడాదికి పైగా కనిపెట్టి ఉండే ఏర్పాటది, పౌర ఆసుపత్రులకు సాధారణంగా అది సాధ్యం కాదు. ఒక చెడూ ఉంది. కేటగిరీ పడితే ప్రమోషన్ పోతుందన్న భయంతో, చేయి వణికేదాకా ఎవరూ నోరు విప్పరు. ఇరవై ఏళ్ల కుర్రాడు వారానికోసారి ఒళ్లు తెలియకుండా తాగుతున్నప్పుడే వచ్చి చెప్పుకోగలిగితే నాలుగు మాటలతో దారికి వస్తాడు. ముప్పై అయిదుకు కాలేయం చెడ్డాక వస్తే వార్డు కావాలి. శిక్ష భయం లేకుండా చెప్పుకునే వీలు ఉండాలన్న జాఫీ షరతులోని ఆలోచన యాభై ఏళ్ల తర్వాత కూడా ఇక్కడ పూర్తిగా అమలు కాలేదు.

సైన్యం వదిలినవాడికి ఆ కనిపెట్టే కన్ను కూడా ఉండదు. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం నుంచి గిద్దలూరు ప్రాంతం, శ్రీకాకుళం పల్లెల దాకా తరతరాలుగా కొడుకులను సైన్యానికి పంపిన కుటుంబాలు తెలుగునాట ఎన్నో. ఇంటికొచ్చిన మాజీ సైనికుడికి పింఛనుతోపాటు కాంటీన్ కార్డు ఉంటుంది, ఆ కార్డు మీద నెలనెలా బజారుకంటే బాగా చవగ్గా మద్యం కోటా వస్తుంది. తాగనివాడికి కూడా కోటా వస్తుంది, దానికోసం బంధువులూ మిత్రులూ కాచుకుని ఉంటారు. తాగుడు మానిన మాజీ సైనికుడికి ఆ కార్డు లెగ్జింగ్టన్ నుంచి వచ్చినవాడి పాత వీధి లాంటిది. పునరావాసం నుంచి వచ్చినవాడి మద్యం కోటాను అతని ఇష్టంతో ఆపేయడం ఏ మందుకూ తీసిపోని జాగ్రత్త, ఖర్చు లేనిది కూడా.

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద చిన్న వయసులోనే చేరినవాళ్లు నాలుగేళ్ల కొలువు చేస్తారు. ఆ తర్వాత, 2022 నిబంధనల ప్రకారం, నాలుగో వంతు మందిదాకానే సైన్యంలో ఉంచుకుంటారు. మిగతావాళ్లు చాలావరకు పాతికేళ్ల వయసుకు అటూ ఇటూగా, చేతిలో కొంత సొమ్ముతో, పింఛను లేకుండా ఊళ్లకు చేరతారు. వియత్నాం నుంచి వచ్చిన కుర్రాళ్లదీ ఇంచుమించు అదే వయసు. వాళ్లను నిలబెట్టినవి ఉద్యోగం, పెళ్లి, మత్తుతో సంబంధం లేని పాత స్నేహాలు. తిరిగొచ్చేవాడికి అవి దొరికేలా చూడటం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల పని, తల్లిదండ్రుల పని, ఊరి పెద్దల పని. తప్పు జరిగాక డీ-అడిక్షన్ సెంటర్ వెతకడం కంటే అది ముందు జరగాలి.

ఎయిమ్స్ 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, దేశంలో మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మందిలో సైనికులూ మాజీ సైనికులూ ఉంటారు. సహాయం అడగడానికి వార్డులో చేరనక్కర్లేదు. వ్యసనాల కోసం కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ నంబరు 14446. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ నంబరు 14416, అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. రెండింటికీ ఫోన్ చేసేవాళ్లకు ఖర్చేమీ ఉండదు.